చూడందే సూది పెట్టని నన్నే సాహెబ్

మార్టూరు బస్టాండు వెనక సందులో యూనిఫాంలు కుట్టే నన్నే సాహెబ్‌కి ఒక్కటే జబ్బు. స్కౌటు పిల్లలు బడిలో సంపాదించుకున్న బ్యాడ్జీ తెచ్చి చొక్కాకి కుట్టమంటే, ఆ బ్యాడ్జీ దేనికిచ్చారో ఆ పని తన కళ్ళెదుట చేసి చూపించిందాకా సూది ముట్టుకోడు. హెడ్మాస్టరు సంతకం పెట్టిన కాగితం చూపించినా ముట్టుకోడు. దేవుడే దిగొచ్చి సిఫారసు చేస్తే, దేవుణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, పిల్లవాడి చేతికి తాడిస్తాడు.

ఆయన కొట్లో కాజాలు తీసి గుండీలు కుట్టేది నేను. పేరు కోటేశ్వరమ్మ. ఇరవై రెండేళ్ళుగా ఆ మిషను పక్కనే గోనె పరుచుకు కూర్చుంటున్నాను. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా చూసిందే గాని విన్నది కాదు.

ఒకసారి గ్రానైటు పాలిషింగ్ యూనిట్ లక్ష్మీకాంత్ గారు కారు సందు మొదట్లో ఆపి, ఎనిమిదేళ్ళ కొడుకు సాయికౌశిక్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. నాలుగు బ్యాడ్జీలు మిషను బల్ల మీద పడేశాడు.

"రేపు పొద్దున్నే బళ్ళో ఫొటోలంట. ఇవి కుట్టెయ్ సాయిబూ."

సాహెబ్ కళ్ళజోడు సర్దుకుని ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "ఇది తాడు ముడులకిచ్చింది కదా బాబూ? ఏదీ, రీఫ్ ముడి వెయ్యి" అని మెళ్ళో టేపు తీసి పిల్లవాడికిచ్చాడు.

పిల్లవాడు తండ్రి మొహం చూశాడు.

"ఇదేందయ్యా! బళ్ళో టెస్టు అయిపోయింది. హెడ్మాస్టరు సంతకం పెట్టాడు."

"పెట్టారండి. ఆయన పని ఆయన చేశారు. కుట్టేది నేను కదండి."

"నువ్వు దర్జీవా, స్కౌటు కమిషనరువా?"

"దర్జీనేనండి. కమిషనరు గారైతే సంతకం పెట్టి వెళ్ళిపోతారు. నేను కుట్టింది పిల్లవాడి ఒంటి మీద ఉంటది."

"ఊళ్ళో నువ్వొక్కడివే ఉన్నావనుకున్నావా?"

"లేదండి. ఎదుటి సందులో ఇంకో ఇద్దరున్నారు. జాకెట్లు బాగా కుడతారు."

లక్ష్మీకాంత్ గారి మెడ ఎర్రబడింది. "ముడెయ్యటం కూడా ఓ విద్యేనా? ఇటియ్యి" అని టేపు లాక్కున్నాడు. కొసలు చుట్టాడు, దూర్చాడు, లాగాడు. జారిపోయింది. మళ్ళీ చుట్టాడు. ఈసారి ముడి పడింది గాని బొటనవేలు లోపలే ఉండిపోయింది. కొండరాయిని అద్దంలా చేసి ఓడలెక్కించే మనిషి, గుడ్డటేపులోంచి వేలు తీసుకోలేక గింజుకుంటున్నాడు. సందులో జనం పోగయ్యారు. నేను కత్తెర తీశాను.

"కొయ్యమాక అక్కా, కొలతలు పోతయ్యి" అన్నాడు సాహెబ్ ఎంతో మర్యాదగా.

అప్పుడా పిల్లవాడు నోరు తెరిచాడు. "నాన్నా, నాకూ రాదు. సారు వేస్తుంటే మేమందరం చప్పట్లు కొట్టాం, అంతే. నువ్వు ఇంటికెళ్ళు. నేను నేర్చుకుని వస్తా."

తండ్రి ఎట్లాగో వేలు లాక్కుని, చప్పరించుకుంటూ వెళ్ళిపోయాడు. కొడుకు స్టూలెక్కి కూర్చున్నాడు. నేను నా జన్మలో చాలా తగువులు గెలిచాను. అంత తక్కువ మాటలతో ఒక్కటీ గెలవలేదు.

ఈ బ్యాడ్జీల మెట్ల సంగతి మొదట్లో నాకూ తెలియదు. నేను మూడో తరగతిలో బడి మానేశాను. నేను మానేశాక కూడా బడి నడుస్తూనే ఉందని విన్నాను. కొట్లో పిల్లలు అప్పజెప్తుంటే వినీ వినీ నాకూ వచ్చేసింది. పదేళ్ళు నిండని మగపిల్లలు కబ్‌లు, ఆడపిల్లలు బుల్‌బుల్‌లు. మగపిల్లలవి చరణ్‌లు, అంటే అడుగులు. ఆడపిల్లలవి పంఖ్‌లు, అంటే రెక్కలు. ముందు కోమల్ పంఖ్, తరవాత రజత్, ఆ తరవాత స్వర్ణ, అన్నిటికన్నా పైన హీరక్ పంఖ్. మెత్తటి రెక్క, వెండి రెక్క, బంగారు రెక్క, వజ్రపు రెక్క. కిందిది రాకుండా పైది ఇవ్వరు. ప్రమాణం అప్పజెప్పాలి, ముడులు వెయ్యాలి, గోళ్ళు తీసుకోవాలి, మొక్క పెంచాలి, గుండీ కుట్టాలి, రోజుకో మంచి పని చెయ్యాలి. వీటిలో సగం మా ఇంట్లో పిల్లల్ని కన్నవాళ్ళకే చేతకావు.

సాహెబ్ ఇవన్నీ ఓ అట్ట మీద వరసగా రాయించి, కొలతల పుస్తకం పక్కన మేకుకి తగిలించాడు. పిల్ల రాగానే అట్ట చూస్తాడు, బ్యాడ్జీ చూస్తాడు, పిల్లను చూస్తాడు. పెళ్ళి జాకెట్టు కోసం నిలబడ్డవాళ్ళు నిలబడే ఉంటారు. మొక్కల బ్యాడ్జీకి కుండీ తేవాలి. సైకిలు బ్యాడ్జీకి సందు చివరిదాకా తొక్కి, ఎవరినీ గుద్దకుండా తిరిగి రావాలి. సొంత మనవడు ముదస్సిర్ మొదటి అడుగు బ్యాడ్జీ తెచ్చి మూడు నెలలు ఆ కొట్టు చుట్టూ తిరిగాడు.

"పిల్లాడు అన్నం మానేశాడంట సాయిబూ" అన్నాను.

"వాళ్ళ నానమ్మ తినిపిస్తది. ముడి మాత్రం జారిపోతంది" అన్నాడు.

అన్నిటికన్నా నన్ను పీడించింది ఆ మంచి పని. "మంచి పని చేశావని ఎవరు చూశారు?" అంటాడు సాహెబ్. పిల్లలకి కొట్టు దగ్గర అందుబాటులో ఉన్న ముసలిదాన్ని నేనొక్కదాన్నే. దాంతో నన్ను రోడ్డు దాటించడానికి పోటీలు పడ్డారు.

"మామ్మా, పద, దాటిస్తా."

"అవతల నాకేం పన్లేదురా."

"పని లేకపోయినా దాటు మామ్మా. నాకు రేపే టెస్టు."

ఒక పొద్దున నలుగురు పిల్లలు, నాలుగుసార్లు. మూడుసార్లు నా అంతట నేనే తిరిగొచ్చాను. నాలుగోసారి వరసగా గ్రానైటు లారీలు వచ్చి, అరగంట అవతలి గట్టునే నిలబడిపోయాను. సాహెబ్ అన్నీ చూసి, నలుగురినీ పిలిచి, "తీసుకెళ్ళటం సగం పనే. మామ్మ ఎక్కడుండాలో అక్కడికి మళ్ళా చేర్చాలి" అని అందరినీ ఫెయిలు చేశాడు. మర్నాడు నన్ను ఎనిమిదిసార్లు దాటించారు.

బుల్‌బుల్‌లను చూసుకునే రాగసుధ టీచర్ ఓసారి కొట్టుకే వచ్చి అడిగింది. "బడిలో టెస్టు పెట్టడానికి నేనున్నాను కదండీ సాయిబు గారూ?"

"ఉన్నారమ్మా. తమరి దగ్గర నలభై మంది. నా దగ్గరికి ఒక్కొక్కళ్ళే వస్తారు."

ఆమె నవ్విందో, నొచ్చుకుందో తెలియలేదు గాని, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఈ ఫిబ్రవరిలో హేమశ్రీ వచ్చింది. తండ్రి యలమందయ్య క్వారీలో పని చేస్తాడు. తల్లి మిరపకోతలకి వెళ్తుంది. మార్చి రెండో తేదీకి ఆ పిల్లకి పదేళ్ళు నిండుతాయి. నిండితే ఇక బుల్‌బుల్ కాదు. పైతరగతి పిల్లల్లో కలిసిపోవలసిందే, రెక్కల మాట అక్కడితో సరి. ఆదివారం నాడు జిల్లా క్యాంపులో వజ్రపు రెక్కకి పరీక్ష. బంగారు రెక్క ఒంటి మీద లేకపోతే లోపలికి రానివ్వరు. ఆ బంగారు రెక్క పట్టుకుని గురువారం సాయంత్రం మా గడప ఎక్కింది. చేతిలో మూడు రోజులున్నాయి, అంతే.

ముడులన్నీ వేసింది. ప్రమాణం గడగడా చెప్పింది. పాలప్యాకెట్టులో పెంచిన మిరపమొక్క తెచ్చింది. దానికి మూడు కాయలున్నాయి. సాహెబ్ మొహం విప్పారింది. "ఇంకేముంది, గుండీ ఒక్కటే. అది అక్క చూస్తది" అన్నాడు. గుండీ పరీక్ష నా శాఖ.

సూది, దారం, గుడ్డముక్క ఇచ్చాను. కుట్టి తెచ్చింది. గుండీ గుడ్డకి అంగుళం కింద వేలాడుతోంది.

"ఇది గుండీనా, చెవికి పెట్టుకునే లోలాకా?" అన్నాను.

విప్పి మళ్ళీ కుట్టింది. ఈసారి గుడ్డ ముడుచుకుపోయింది. మూడోసారి గుండీ తన గౌనుకే కుట్టుకుంది. వేళ్ళన్నీ పొడుచుకుని రక్తం చుక్కలు. శుక్రవారం బడి విడవగానే పరుగున వచ్చి మళ్ళీ అదే పని, మళ్ళీ అదే లోలాకు. ఏడవలేదు గాని పెదవి మాత్రం లోపలికి లాక్కుని కూర్చుంది. నేను నోటికి ఎంత చెడ్డదాన్నైనా, అది చూడలేకపోయాను. పిల్లను మంచినీళ్ళకి పంపి సాహెబ్ మీద పడ్డాను.

"కుట్టెయ్ సాయిబూ. రేపొక్కరోజే ఉంది. అక్కడ గుండీ అడుగుతారో లేదో."

"అడిగితే?"

"అడిగితే అప్పుడు చూసుకుందాం."

"అప్పుడు చూసుకునేది నువ్వూ నేనూ కాదు గదక్కా. ఆ పిల్ల."

"నీ బ్రతుకంతా మొండితనమే. ఆ లక్ష్మీకాంత్ రాళ్ళు కోసే మిషను తెచ్చినా నిన్ను కొయ్యలేడు."

ఆయన మిషను ఆపేశాడు. చక్రం మీద చెయ్యి పెట్టుకుని, నా వైపు చూడకుండా చెప్పాడు.

"ఎనిమిదేళ్ళ కిందట ఓ క్యాంపుకి నన్ను మిషనుతో సహా తీసుకెళ్ళారక్కా, చిరిగినయ్యి కుట్టటానికి. అక్కడో పెద్దసారు ఓ పిల్లోణ్ణి స్టేజీ మీదకి పిలిచి, ఒక్కో బ్యాడ్జీ చూపించి చేసి చూపించమన్నాడు. వాడికి ఒక్కటీ రాలా. ఇచ్చినోళ్ళు నేర్పలా, అంతే. 'దర్జీ ఎక్కడ?' అన్నాడు సారు. అవన్నీ నా కత్తెరతో నా చేతే విప్పించాడు. అంతమంది పిల్లలు చూస్తా ఉండగా. ఏడేళ్ళుంటయ్యి వాడికి. ఏడవనన్నా ఏడవలా. నాకు అందేట్టు చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆ బ్యాడ్జీలు కుట్టింది కూడా నేనేనక్కా. బడివాళ్ళు తెచ్చిచ్చిన సంచీలోంచి తీసి, వరసగా, ఏమీ అడక్కుండా."

ఇన్నేళ్ళూ దాన్ని జబ్బనుకున్నాను.

పిల్ల తిరిగొచ్చింది. "రావే, ఇంకోసారి కుట్టు" అన్నాను. ఈసారి సాహెబ్ కూడా స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. ఆయన సూదిలోకి దారం ఎక్కిస్తుంటే దారం ఉండ ఒళ్ళోంచి జారింది. పిల్ల టక్కున ఎడమ చేత్తో పట్టుకుంది.

"ఏమ్మా, నువ్వు పుస్తకంలో ఏ చేత్తో రాస్తావు?" అన్నాడు సాహెబ్.

"ఎడమ చేత్తో తాతా."

"మరి కుట్టేది కుడిచేత్తో ఎందుకు?"

పిల్ల నావైపు చూసింది. తల దించుకుంది. "మామ్మ ఒప్పుకోదు."

నిజమే. గురువారం నాడు సూది ఎడమ చేత్తో పట్టుకుంటే, వేళ్ళ మీద ఒక్కటేసి, శుభమా అని బ్యాడ్జీ కుట్టించుకోబోతూ ఎడమ చెయ్యేంటే అని సూది లాగి కుడిచేతికిచ్చాను. ఆ సంగతి మళ్ళీ నాకు గుర్తే లేదు. ఆ పిల్ల మాత్రం రెండు రోజులు మామ్మ మాట తప్పకుండా, తనకు రాని చేత్తో వేళ్ళు పొడుచుకుంటూ కూర్చుంది.

"నీ చేత్తో నువ్వు కుట్టమ్మా" అన్నాడు సాహెబ్.

కుట్టింది. నాలుగు రంధ్రాల్లోనూ దారం సమంగా పడింది. వెనకవైపు ముడి కనిపించకుండా దాచింది. అది నేను నేర్పనే లేదు. సాహెబ్ గుడ్డముక్క ఎత్తి పట్టుకుని, శేరు బరువుండే కత్తెరను ఆ గుండీకి తగిలించి వదిలాడు. కత్తెర ఊగింది. గుండీ కదల్లేదు. సందులో నిలబడ్డ ఓ జాకెట్టావిడ చప్పట్లు కొట్టింది. సాహెబ్ పిల్ల తెచ్చిన యూనిఫాం గౌను మిషను కింద పెట్టి, బంగారు రెక్క కుట్టి, దారం కొరికి, పిల్ల భుజం మీద ఒకసారి తట్టాడు.

ఆదివారం క్యాంపులో గుండీ అడిగారట. ఆ పిల్ల ఎడమ చేత్తోనే కుట్టిందట. వజ్రపు రెక్క సంగతి ఇంకా తేలలేదు. పైనుంచి కాగితం రావాలట. వచ్చినా రాకపోయినా, అడిగినవన్నీ చేసి చూపించి వచ్చింది. సోమవారం పొద్దున బడికి వెళ్తూ మాకా సంగతి చెప్పి పోయింది.

అది వెళ్ళాక నేను కాజాలు తీసుకుంటూ, ఈ సంగతి ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. సాహెబ్ దగ్గాడు. ఆయన దగ్గాడంటే ఏదో పని పడబోతోందన్న మాట.

"రాగసుధ టీచర్ ఫోను చేసింది. బుల్‌బుల్‌లలో ఎడం చేతివాళ్ళు ఇంకో ఇద్దరున్నారంట. గుండీ రాక ఇద్దరూ మానుకున్నారంట. నీ దగ్గరికి పంపుతానంది. నువ్వు కుడిచేత్తో చూపిస్తే వాళ్ళకి అంతా తిరగేసి కనపడతది."

"అయితే నన్నేం చెయ్యమంటావు? నీ కొట్టుకి రాకముందు నించీ, నలభై ఏళ్ళుగా గుండీలు కుడుతున్నదాన్ని."

"అదేనక్కా" అన్నాడు సాహెబ్, గుడ్డ మీద నించి తల ఎత్తకుండా. "సాయంత్రం బడి విడవగానే హేమశ్రీ వస్తానంది. దాని పక్కన కూర్చుని ఎడమ చేత్తో కుట్టటం నేర్చుకో. కాస్త మర్యాదగా అడుగు."