వెన్నెల్లో పాలసొర

ఇప్పుడో మహాకావ్యం చెప్పబోతున్నాను. పున్నమి వెన్నెల, ఒడ్డుని బాదే సముద్రం, పసిబిడ్డ ఆకలి, తండ్రీకొడుకుల పోరాటం, అన్నీ ఉన్నాయి. పోరాటం మాత్రం చాలావరకు నిద్రతోనే. అందుకని కావ్యమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇసకలో కూర్చున్న కథ అనుకోండి.

మా అక్క పురిటికి ఒడిశాలో గంజాం ఒడ్డునున్న మా జాలరి వాడకి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పిల్లకి పాలు చాలట్లేదు, రాత్రంతా ఒకటే ఏడుపు. నేను పగలంతా బరంపురంలో మొబైల్ దుకాణంలో జనం పగలగొట్టుకున్న ఫోన్లకి అద్దాలు మార్చి, ఇంటికొచ్చి ఆ ఏడుపు వింటూ పడుకునేవాణ్ణి. పడుకునేవాణ్ణి అన్నది మర్యాద కోసం.

మామ్మ తీర్పు చెప్పింది. "పాలసొర పెట్టాలిరా. మిరియాలూ ఎల్లుల్లీ దంచి పుట్టు సేసి పెడితే పాలు అవే వత్తాయి. మీ అయ్య పుట్టినప్పుడు నాకదే పెట్టినారు."

"అయ్య పొట్ట సూస్తే తెలిసిపోతంది మామ్మా. కొంచెం తగ్గించాల్సింది."

పాలసొర అంటే పిల్ల సొరచేప. దాన్ని ఉడికించి, చిదిమి, పొడిపొడిగా వేపితే పుట్టు. మా వాళ్లకి బాలింత మందుల్లో మొదటిది అదే. చిక్కల్లా పున్నమితోనే వచ్చింది. వెన్నెల్లో చేపకి వల కనబడిపోతుందని మా పడవలు ఆ రోజుల్లో ఒడ్డునే ఉంటాయి. పడవలు కదలకపోతే బజారులో సొర ఎక్కడిది?

"గాలం ఏద్దాం, రా," అన్నాడు అయ్య.

బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పడవ మీద వల వేసినవాడు మా అయ్య. ఒడ్డున కూర్చుని గాలం వెయ్యడం ఆయన దృష్టిలో పని కాదు, ఛత్రపూర్ ఆఫీసుల వాళ్ల ఆదివారం సరదా. అలాంటివాడు తంగూసు దారం చుట్టిన కర్ర చంకలో దాచుకుని, ఎర పొట్లం పట్టుకుని, ఎవరూ చూడకుండా ఇల్లు దాటాడు, వెనకే నేను. పగల్లాంటి వెన్నెల. వాడంతా చూసింది.

"ఏటి బావా, పడవ అమ్మీసినావేటి?" అని పక్కింటాయన అరుగు మీంచి కేకేశాడు.

"గాలికెళ్తన్నాను."

"గాలికి ఎరెందుకు బావా?"

అయ్య నడక పెంచాడు. ఒడ్డుకెళ్లి ఎర గుచ్చి విసిరాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత కూడా ఏమీ జరగలేదు. సముద్రం వెండిలా మెరుస్తోందని ఎవరైనా రాస్తే నమ్మండి, నిజమే మెరిసింది. కళ్లు మూసుకున్నా వెలుతురే, కునుకు పట్టనివ్వదు.

"అయ్యా, పడకపోతే ఏటి?"

అయ్య తంగూసు కొంచెం బిగించాడు. "ఆ పిల్ల ఏడుపు ఇనలేకపోతన్నానురా. మీ ఇద్దరూ ఏడిసిన రోజుల్లో నేను సంద్రం మీదుండీవోణ్ణి. ఏటీ ఇనబడీది కాదు."

ఏదో ఒకటి చెప్పి నవ్వించాలనుకున్నాను. ఆవలింత వచ్చింది.

తెల్లారబోతుండగా తంగూసు గుంజింది. అయ్య లేచాడు. నేనూ లేచి, కాలు తిమ్మిరెక్కి మళ్లీ కూర్చున్నాను. పెనుగులాట అని రాద్దామనుకున్నాను గానీ, ఆయన బావిలోంచి చేద లాగినట్టు లాగేశాడు. మోచెయ్యంత పాలసొర. దాన్ని చూసి అయ్య పడిన సంతోషం మాత్రం దానికంటే పెద్దదే.

మామ్మ పుట్టు చేసింది. అక్క రెండు పూటలా తింది. పిల్ల ఎప్పట్లాగే ఏడ్చింది. ఆ రాత్రి అయ్య భోజనానికి లేవలేదు.

పిల్లని టీకాకి తీసుకెళ్తే అక్కడి నర్సు, రోజుకి నీళ్లెన్ని తాగుతున్నావని అక్కని ఒడియాలో అడిగింది. అక్క మామ్మ వైపు చూసింది. పచ్చి బాలింత నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని మామ్మ గుక్కలు కొలిచి పోస్తోంది మరి. మామ్మ గోడ వైపు చూసింది. దాహమేసినప్పుడల్లా తాగమనీ, పిల్లకి మాటిమాటికీ పాలు పట్టమనీ చెప్పి నర్సు తర్వాతివాళ్లని పిలిచింది.

కొన్నాళ్లకి పాలు పడ్డాయి. సొర ఒంటికి పట్టడానికి టైము తీసుకుందని మామ్మ వాదన, నీళ్ల వల్లేనని అక్క వాదన. అయ్య ఎవరి పక్షమూ కాదు. పిల్ల నిద్రపోతోంది, ఆయన గుర్రు పెడుతున్నాడు.

మా వీధి కుళాయి పొద్దున్న ఒక్కసారే వస్తుంది. అక్కకిప్పుడు నీళ్లు ఎక్కువ కావాలి, బిందెలు ముందే వరసలో పెట్టుకోవాలి.