ఫైబర్ వైరుకు దిష్టి గుమ్మడికాయ

ఒకే ఒక్క గుమ్మడికాయతో ఒక ఆడపిల్ల ఉద్యోగానికి ఎసరు పెట్టిన మొనగాణ్ణి ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఎల్బీనగర్ రండి. టీ కూడా నేనే ఇప్పిస్తాను.

మా ఆవిడ భారతికి మేనకోడలు స్రవంతి. చైతన్యపురి హాస్టల్లో ఉండేది. అక్కడి నెట్ ఎండాకాలం గేదెలా నడుస్తుందని, నెట్‌వర్క్ ఇంజనీరు ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంటే మా ఇంటికొచ్చింది.

"చివరి రౌండు మామా. ఇది పోతే ఊరికి పోవుడే."

అంతటి పనికి దిష్టి తగలొద్దని బూడిద గుమ్మడికాయ తెచ్చాను. పాత తాడు చివికిపోయింది. గుమ్మం పైన నెట్ వాళ్లు వదిలేసిన నల్ల వైరు చుట్ట కనబడింది. ఊరికే వేలాడుతున్నది మనదే కదా! రెండు మడతలు పెట్టి, తొడిమకు బిగించి, ముడేశాను. కాయ పెళ్లికొడుకులా ఊగింది.

లోపలినుంచి కేక. "మామా, నెట్ పోయింది! ఇంటర్వ్యూ మొదలైతుంది!"

నెట్ పెట్టె మీద ఎర్రదీపం కళ్లెర్రజేసి చూస్తోంది.

"కరెంటు ఉన్నది గదా బిడ్డా?"

"వైరుల పోయేది కరెంటు కాదు మామా, వెలుగు! వెంట్రుకంత గాజుపోగుల ఎగురుకుంట పోతది. అందుకే మస్తు దూరం పోయినా జల్ది అలసిపోదు."

"వెలుగేనా? గింతదానికి పరేషానెందుకు!" అని ఫోను టార్చి వెలిగించి పెట్టె వెనక బొక్కలోకి కొట్టాను. నవ్వకండి, వెలుగు తక్కువైతే మీరైనా అదే చేస్తారు.

భారతి గుమ్మం వైపు చూసి గతుక్కుమంది. "ఏందయ్యా, కాయను దేనికి కట్టినవ్?"

స్రవంతి నెత్తి పట్టుకుంది. "అయ్యో మామా! గట్ల మడతపెడితే వెలుగు మలుపు తిరగలేక బయటికి పోతది!"

ముడి విప్పబోతే బరువుకు ఇంకా బిగిసింది. కాయను పైకెత్తాను. మడత వదులైంది, పచ్చదీపం వెలిగింది. దింపాను, ఎర్రదీపం. ఇక చేసేదేముంది? ఇంటర్వ్యూ అయ్యేదాకా గుమ్మడికాయను చంటిపిల్లలా భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"ఏందన్నా, కాయను జోకొడుతున్నవ్?" అన్నాడు ఎదురింటాయన.

"నెట్ నడిపిస్తున్న తమ్మీ, నువ్వు పో!"

లోపల కంప్యూటర్లోంచి ఇంటర్వ్యూ చేసేవాళ్లెవరో అడిగారు. "సిగ్నల్ పోతే ముందేం చూస్తారు?"

"వైరుకు గుమ్మడికాయ ఉన్నదేమో చూస్త సార్."

అవతల నవ్వులు. ఉద్యోగం వచ్చింది!

"చూసినవా, కాయ పనిచేసింది!" అన్నాను భారతితో.

"దిష్టి బయట లేదయ్యా, కాయను ఎత్తుకుని నిలబడ్డది."

అందుకే బూడిద గుమ్మడి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో దాన్ని తాడుకే కడతాను. ఆ తాడులోంచి వెలుగు పోవడం లేదని ముందు స్రవంతితో రాయించుకుంటాను.