ఖాళీ సీటు బెల్టు

మా పక్క ఫ్లాట్‌లో ఉండే ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ గారు మొన్న మంగళవారం తెల్లవారుజామున ఐదున్నరకు ఫిల్మ్ నగర్‌లోని ఇంట్లో గుండెపోటుతో మరణించారు. ఎయిర్‌ఫీల్డ్‌కు బయల్దేరుతూ బూట్లు తొడుక్కుంటుండగా పక్కకు ఒరిగిపోయారు. ఆ ఉదయమే ఆయన విద్యార్థిని శ్రావణి మొదటిసారి ఒంటరిగా విమానం నడపాల్సి ఉంది.

మధ్యాహ్నం రహమత్ నగర్ నుంచి ఆ అమ్మాయి వచ్చి మా మెట్ల మీద కూర్చుంది. తండ్రి షూటింగుల్లో లైట్‌మ్యాన్. "రేపు నువ్వొక్కదానివే పోతవని నిన్న ఆయనే అన్నడు సార్. గా మాట చాలదా?"

చాలదు. ఇన్‌స్ట్రక్టర్ అనుమతి లేనిదే విద్యార్థి ఒంటరిగా ఎగరకూడదు. ఆయన ఆ అనుమతిని ముందురోజు ఇచ్చేవారు కాదు. ఎగిరే రోజు ఉదయం పక్కన కూర్చుని చూశాకే ఇచ్చేవారు. అది ఆ అమ్మాయికీ తెలుసు.

ఒకసారి నేను వాళ్లింట్లో కాఫీ తాగుతుండగా ఒక హీరో మేనేజర్ వచ్చాడు. "మా హీరో గారు సొంతంగా విమానం నడిపారని పబ్లిసిటీ ఇస్తామండీ. మీరు ఓకే అంటే చాలు. మా ఫైట్ మాస్టర్ అన్నీ నేర్పేశాడు."

"అయితే ఆ ఫైట్ మాస్టర్‌నే పక్క సీట్లో కూర్చోమనండి," అన్నారాయన కప్పు దించకుండా. "పైన డూప్ ఉండడండీ."

ఇన్‌స్ట్రక్టర్లకూ గడువు ప్రకారం పరీక్ష ఉంటుంది. ఆ పరీక్షకు ముందురోజు ఆయన డాబా మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఇంజన్ ఆగితే ఏం చేయాలో వరసగా పైకి చెప్పుకునేవారు. ఇన్నేళ్ల తర్వాత కూడానా అంటే, "గాలికి నా సర్వీసు తెలియదు కదండీ" అనేవారు.

విద్యార్థిని ఒంటరిగా పంపేటప్పుడు ఆయనకో అలవాటుంది. కిందికి దిగి, తాను ఖాళీ చేసిన సీటుకు బెల్టు పెట్టి, గట్టిగా లాగి చూసేవారు. వదులుగా ఉంటే అది విమానం నడిపే కంట్రోళ్లకు చిక్కుకోవచ్చు. తర్వాత వెనక్కి చూడకుండా నడిచి వెళ్లిపోయేవారు.

ఆయన పోయాక కొత్త ఇన్‌స్ట్రక్టర్ శ్రావణిని రెండుసార్లు పరీక్షించారు. రెండుసార్లూ అనుమతి ఇవ్వలేదు. ల్యాండింగ్ కుదరలేదు.

"కొత్తాయన పక్కన దగ్గినా నేనేదో తప్పు చేసిన్నని రన్‌వే ఇడిచి ఆయన మొఖం చూస్తున్న సార్," అంది నిన్న. "చాలు బిడ్డా, ఇడిచిపెట్టి ఇంట్ల ఉండు అంటుండు మా నాన్న. ఇంట్ల ఉండి ఏం జెయ్యాలె?"

మూడోసారి కూడా కాకపోతే ఆమెకు శిక్షణ కొనసాగించాలా వద్దా అన్నది ఫ్లయింగ్ స్కూలు తేలుస్తుంది.

మూడో పరీక్ష సోమవారం ఉదయం ఎనిమిదింటికి. ల్యాండింగ్ కుదిరితే ఆమెను ఒంటరిగా పంపడానికి కొత్త ఇన్‌స్ట్రక్టర్ కిందికి దిగుతారు. దిగాక ఖాళీ సీటు బెల్టు పెట్టి లాగి చూడమని అడుగుతానంది శ్రావణి.