కిటికీలోంచి పడ్డ తువ్వాలు

తిరుపతిలో లా చదివే రోజుల్లో సాయంత్రం మా ఊరు వడమాలపేటకు బస్సులోనే తిరిగి వెళ్ళేదాన్ని. బస్సు స్టాండులో ఆగీ ఆగకముందే మగవాళ్ళు కిటికీల్లోంచి తువ్వాళ్ళు విసిరి సీట్లు పట్టేవాళ్ళు. చీరలు సర్దుకుంటూ మేము తలుపు దాకా చేరేసరికి నిలబడే చోటే మిగిలేది.

ఒకరోజు ‘స్త్రీలకు’ అని రాసిన సీటు మీద కూడా తువ్వాలు పడి ఉంది. దాన్ని తీసి, వెనకే వచ్చిన దాని ఆసామి చేతిలో పెట్టి కూర్చున్నాను.

“ఏమ్మా, సదువుకున్నదానివే గదా. ఆడా మొగా సమానమని మీరే అంటారు. మల్లా మీకు వేరే సీట్లేమిటికి?” అన్నాడతను. మగవాళ్ళంతా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

అందరినీ సమానంగా చూడమన్న రాజ్యాంగమే ఆడవాళ్ళకు ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చని కూడా అంటుందని ఆ వారమే క్లాసులో విన్నాను. అది ఎందుకు అనాల్సి వచ్చిందో మాత్రం అతని చేతిలోని తువ్వాలు చూశాకే నాకు అర్థమైంది.

“అన్నా, సమానమే, నేను కాదన్లేదు,” అన్నాను బస్సంతా వినపడేట్టు. “ఈ తువ్వాళ్ళన్నీ తీసేయండి. అందరమూ దిగి, వరసలో నిలబడి తలుపులోంచే ఎక్కుదాము. రోజూ అట్లే ఎక్కేమాటయితే, ఈ సీటు మీద రాసిందాన్ని నా చేత్తోనే గీకేస్తా.”

కండక్టర్ విజిల్ వేశాడు. ఒక్క తువ్వాలూ కదల్లేదు.

నేనూ లేవలేదు.