నూట ఇరవై ఎనిమిది అని రాసి ఉన్న ఎనిమిది

సుడలైముత్తు అన్నాచ్చికి ఒకటే జబ్బు. రాసి ఉన్న అంకెను చచ్చినా నమ్మడు. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌లో మెమరీ కార్డులమ్మే మనిషికి ఈ జబ్బేమిటండీ! ఇడ్లీ పొట్లం తెప్పిస్తే విప్పి లెక్కపెడతాడు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను వస్తే లీటరు సీసాతో కొలుస్తాడు. కొలవడంలో రెండు లీటర్లు నేలపాలవుతాయి. "చూశావా, పద్దెనిమిదే!" అంటాడు నాతో. నాది పక్కనే కేబుళ్ల కొట్టు. ఇరవై ఏళ్లుగా ఈ ఖర్మ నాది.

కార్డు కొనడానికి వచ్చినవాడి గతి ఇంకా ఘోరం.

"అరవై నాలుగు జీబీ ఒకటివ్వు అన్నాచ్చీ."

"మూడు గంటలాగు తంబీ. నిండా నింపి, మళ్లీ చదివి చూడాలి."

"అట్ట మీద రాసుందిగా?"

"వాళ్లు రాశారు. నేను చూశానా?"

నింపేది మనవరాలికి చెవులు కుట్టిన వీడియోతో. కార్డు నిండేదాకా కాపీ మీద కాపీ. ఆ పాప ఏడుపు మా వీధందరికీ కంఠతా వచ్చు.

ఇంతటి అనుమానాల మనిషి మీద నాకూ ఒక అనుమానం ఉండేది. నకిలీ కార్డుతో ఎవరు మోసపోయి వచ్చినా దాన్ని ఉంచుకుని మంచిది ఊరికే ఇచ్చేవాడు. ఊరికే! రిచ్చీ స్ట్రీట్‌లో! పైగా రోజంతా ఒక చెవిలో ఇయర్‌ఫోను. మా మాటలు రికార్డు చేస్తున్నాడని కూడా అనుకున్నాను.

మా అక్క కూతురు మలర్విళి పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తుంది. ఇన్నాళ్లూ ఇంకొకరి వెనక లైటు పట్టుకుని నిలబడ్డ పిల్ల, మొదటిసారి సొంతంగా ఒక పెళ్లి ఒప్పుకుంది. ఇది చెడితే మళ్లీ లైటు పట్టుకోవాల్సిందే. పెళ్లికి ముందు రోజు, పేవ్‌మెంటు మీద చవగ్గా దొరికిందని నూట ఇరవై ఎనిమిది జీబీ కార్డు కొనుక్కుని సంబరంగా వచ్చింది. అన్నాచ్చి చటుక్కున లాక్కున్నాడు.

"కెమెరాలో నూట ఇరవై ఎనిమిదే చూపిస్తోంది తాతా!"

"చూపించడానికేం తల్లీ, చూపిస్తుంది. లోపల చోటుండొద్దూ?"

ఆరు గంటలు కూర్చోబెట్టాడు. తిరిగి చదివితే మొదట్లో పాప మామూలుగానే ఏడ్చింది. ఎనిమిది జీబీ దాటాక పాపా లేదు, సూదీ లేదు, అన్నీ బూడిదరంగు గళ్లు. మలర్ ముఖం పాలిపోయింది.

"తాళి కట్టేది కూడా ఇలాగే పోయేది కదా మామా!"

అన్నాచ్చి పరీక్ష అయిన కార్డొకటి ఆమె చేతిలో పెట్టి, నకిలీది రేకు డబ్బాలో వేసుకున్నాడు. పెళ్లి ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. నాకు మాత్రం మనశ్శాంతి లేదు. ఆ కార్డును ఇంకో అమాయకురాలికి అంటగడితే?

"ఆ డబ్బాలోవి ఏం చేస్తావు అన్నాచ్చీ?"

"నీకెందుకు?"

చూశారా! తప్పు లేనివాడు అలా అంటాడా?

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం డబ్బా చంకన పెట్టుకుని బయల్దేరాడు. వెనకే నేను. వీధి మొదట్లో పూలు కట్టే పొన్నుత్తాయి దగ్గర ఆగి, ఆమె బుల్లి పాటల పెట్టెలో కార్డు పెట్టబోయాడు. దొరికాడు దొంగ! చెయ్యి పట్టుకున్నాను.

కార్డు మలర్‌దే. కానీ నూట ఇరవై ఎనిమిది మీద అడ్డంగా సిరా గీత, పక్కన చిన్న కాగితం ముక్క అంటించి ఉంది. "నిజం 8" అని రాశాడు.

"ఆ ఎనిమిది దాటి ఎక్కకుండా కట్టడి చేసి పాటలు వేశాను," అన్నాడు చెయ్యి విదిలించుకుంటూ. "ఈమెకు చూపు ఆనదు. మధ్యలో పాట ఆగితే సరిచేసుకోలేదు. పన్నెండు వందల పాటలు, ఒక్కటీ తెగదు."

"నీకెలా తెలుసు?"

"విన్నాను కాబట్టి."

"పన్నెండు వందలూనా?"

"వినకుండా ఎలా నమ్మమంటావు?"

చెవిలో ఇయర్‌ఫోను ఎందుకో అప్పుడర్థమైంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. వాచ్‌మన్ దగ్గర, టీ కొట్టు ముసలాయన దగ్గర మోగేవి కూడా ఈ డబ్బాలోవేనట.

"అబద్ధం రాసింది ఎవడో. కార్డేం చేసింది పాపం? మోయగలిగినంత మోస్తోంది," అన్నాడు.

పాట మొదలైంది. పొన్నుత్తాయి నవ్వుతూ మల్లెదండ తెంపి అతని చేతిలో పెట్టింది. "మూర పూలు అన్నాచ్చీ, మనవరాలికి."

ఊరుకుంటాడా? అక్కడే తన మోచేతికి ఆనించి కొలిచాడు. ముఖం చిట్లించాడు.

"ఇది మూర కాదు పొన్నుత్తాయీ."

"కాదులే. మూరన్నర. పట్టుకెళ్లు."

అన్నాచ్చి ఇంకోసారి కొలిచాడు. మూరన్నరే.