మీటరు మీద 275572

మొన్న రూపనగుడి దారిలో నా కారు మీటరు 47574 చూపించింది. ఎటునుంచి చదివినా ఒకటే నంబరు. బండి పక్కకు తీసి ఆపేశాను.

మా నాయన ఇనుప ఖనిజం లారీ నడిపేవాడు. ఒక సాయంత్రం ఆయన రేవుకు బయలుదేరే ముందు అక్కా నేనూ క్యాబిన్ ఎక్కాం. మీటరు మీద 275572 ఉంది. మాది కన్నడ బడి. అక్క అంకెలను కన్నడంలోనే గొణుక్కుంటూ, తలుపు లోపలి ఎర్ర దుమ్ములో వేలితో ఆ నంబరును పదకొండుతో భాగించింది. శేషం మిగల్లేదు. 25052 వచ్చింది.

"ఇదీ అట్లనే ఉండాది సూడు. ఈ కొసనుంచి సదివినా ఆ కొసనుంచి సదివినా ఒకటే," అంది.

పోవడమూ రావడమూ ఒకటేగా ఉన్న నంబరు అది. నాయనకూ అంతేనని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

"ఎట్ల పోతాండావో అట్లనే వస్తావు గదా నాయనా?"

"రాక యాడికి పోతాను తల్లీ," అని, టైరు కింద పెట్టిన నిమ్మకాయను తొక్కించి వెళ్లిపోయాడు.

లారీ తిరిగొచ్చింది. నడిపింది వేరే మనిషి. రేవు దగ్గర నాయన గుండె ఆగిపోయిందని ఇంట్లో అందరూ ఏడుస్తుంటే, నేను క్యాబిన్ ఎక్కి మీటరు చూశాను. నంబరు మారిపోయింది. తలుపు మీద కొత్త దుమ్ము కింద అక్క చేసిన లెక్క మాత్రం ఇంకా కనిపిస్తోంది.

ఆ లెక్కలో తప్పేమీ లేదు. బండి కదలనంతసేపే ఆ నంబరు ఉంటుందని నాకప్పుడు తోచలేదు.

మొన్న చాలాసేపు కారు స్టార్ట్ చేయలేదు.