యంత్రాల దుబాసీ

అజమత్ భాయ్ ఏ యంత్రం ముందుకు వెళ్ళినా మొదట సలాం చేస్తాడు. కుడిచేయి నుదుటి దాకా వస్తుంది, తల కొంచెం వంగుతుంది. తర్వాత మెల్లగా అడుగుతాడు: "నీదేం భాష?"

మిక్సీ అయినా, బోరు మోటారు అయినా అంతే. యంత్రాలను ఒకదానికొకటి పరిచయం చేయడం ఆయన వ్యసనం. తాండూరులో తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే హోటల్లో టీ తాగుతాయి. యంత్రాలు మాత్రం సొంత కంపెనీ వాటితో తప్ప మాట్లాడవు. ఇది ఆయనకు ఊరి పరువు సమస్య.

ఆయన రిపేర్ షాపుకు సామాను వికారాబాద్‌లోని నా కొట్టు నుంచే వెళ్తుంది. ఒకసారి మా ఊళ్ళో వ్యవసాయ యంత్రాల ప్రదర్శన పెడితే ఇద్దరం వెళ్ళాం. నేల తడిని కొలిచే పరికరం చూపిస్తున్నాడు ఒక కంపెనీ ఆయన. అజమత్ దానికి సలాం చేసి అడిగాడు.

"తడి చాలని మోటారుకు చెప్తదా?"

"మా కంపెనీ మోటారైతే చెప్తుంది సార్."

"అంటే తెలిసి కూడ పక్కోనికి చెప్పదు. ఏం పెంపకం సాబ్ ఇది!"

"అన్ని కంపెనీలకూ ఒకే ప్రమాణం రావాలని కమిటీలు కూర్చున్నాయి సార్."

"ఎప్పటిసంది?"

"చాలా ఏళ్ళయింది."

"జర లేవమనుండ్రి."

ఆ వారమే చెన్నయ్య సంగతి వచ్చింది. తాండూరులో జనార్దన్ బండల ఫ్యాక్టరీలో అతను కోత యంత్రం నడుపుతాడు. ఇరవై ఏళ్ళ ఆ చప్పుడుకు చెవులు పోయాయి. బ్లేడు మీద పడే నీళ్ళు ఆగితే అది వేడెక్కి పగిలి ముక్కలు ఎగురుతాయి. కొత్త యంత్రం నీళ్ళు ఆగగానే కూత పెడుతుంది. చెన్నయ్యకు ఆ కూత వినబడదు. రెండుసార్లు జనార్దనే పరుగెత్తి ఆపాడు. ఒకటో తారీకు నుంచి పనికి రావద్దన్నాడు.

చెన్నయ్య భార్య వెంకటమ్మ అజమత్ షాపుకు వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"ఆ పని దప్ప ఆయినెకు ఇంకోటి రాదు భాయ్. నువ్వే ఏదన్న జెయ్యాలె."

"ఫికర్ చెయ్యకు అక్కా. చూస్త."

ఆమె వెళ్ళాక నేనన్నాను, "ఒక ఎర్ర బల్బు పెడ్తే అయిపాయె."

"ఆయన కండ్లు బండ మీదుంటయి సేఠ్. బల్బు దిక్కు చూస్తే వేళ్ళు పోతయి."

మర్నాడు అజమత్ వికారాబాద్ వచ్చి చూసింది చెన్నయ్య యంత్రాన్ని కాదు, మా ఇంటి కూలరును. సలాం చేసి, పక్కన ఒక చిన్న డబ్బా పెట్టాడు.

"ఇది దుబాసీ. ఒకని మాట ఇని, ఇంకొకని భాషల చెప్తది."

ఆ సాయంత్రం బల్బు ఆర్పితే కూలరు లేచింది. ఫోన్ చేశాను.

"భాయ్, టీవీ పెడ్తే వాషింగ్ మెషిన్ తిరుగుతున్నది!"

"అందుల బట్టలున్నయా?"

"లేవు."

"అయితే నష్టం లేదు. కొత్త దోస్తులు, జర ఎక్కువ మాట్లాడుకుంటున్నయి."

రెండు వారాలు ఇదే వరస. ఆయన భార్య అష్రఫున్నీసా మా కొట్టుకు వచ్చి మొర పెట్టుకుంది.

"ఫ్రిజ్ తలుపు తెరిస్తే నా చెయ్యి వణుకుతున్నది భాయ్."

"డాక్టరుకు చూపించినవా భాబీ?"

"డాక్టరెందుకు? చేతికి గడియారం కట్టిండు. ఫ్రిజ్ దానికి ఏదో చెప్తదట."

ఒకటో తారీకుకు ఇంకా మూడు రోజులే ఉన్నాయి. నాకు కోపం వచ్చింది. తాండూరు బస్సెక్కాను.

"ఆడ చెన్నయ్య నౌకరి పోతున్నది. నువ్వు ఫ్రిజ్‌లకు దోస్తానా కలుపుతున్నవా?"

ఆయన జేబులోంచి ఆ గడియారమే తీశాడు.

"యంత్రం కూత పెడ్తే ఇది చెన్నయ్య చేతి మీద వణకాలె. రెండింటి కంపెనీలు వేరు, మధ్యల దుబాసీ. అది తప్పు చెప్తే మనిషి పోతడు. అందుకే చేసే తప్పులన్ని ముందు మీ ఇంట్ల చెయ్యనిచ్చిన."

"మా ఇల్లే దొరికిందా?"

"మీ కూలరు తప్పు చేస్తే చెమట పడ్తది సేఠ్. గంతే కద."

ఇద్దరం జనార్దన్ దగ్గరికి వెళ్ళాం. ఆయన గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బానే ఉంది. కాని ఇది పనిచెయ్యకుంటే పోయేది చెన్నయ్య. ఎట్ల నమ్మాలె భాయ్?"

మరునాడు పొద్దున్నే అజమత్ ఫ్యాక్టరీకి వెళ్ళాడు. రెండు చెవుల్లో దూది కుక్కుకున్నాడు. పైనుంచి మఫ్లర్ బిగించాడు. గడియారం కట్టుకుని, చెన్నయ్యను పక్కన నిలబెట్టి, బండ కోయడం మొదలుపెట్టాడు. చెప్పకుండా నీళ్ళు కట్టేయమని జనార్దన్‌కు ముందే చెప్పి ఉంచాడు. జనార్దన్ తొమ్మిదిసార్లు కట్టేశాడు. తొమ్మిదిసార్లూ అజమత్ చేతి మీద గడియారం వణికింది, ఆయన యంత్రం ఆపాడు.

"చాలు భాయ్! నమ్మిన! చెన్నయ్యనే ఉండమను!" అని జనార్దన్ అరిచాడు.

అజమత్‌కు వినబడలేదు. చెన్నయ్యకూ వినబడలేదు. ఇంకో రెండు బండలు కోశారు.